మంచం కింద దొరికిన ఇంగ్లీషు మాట

ఆ రోజుల్లో మా క్వార్టర్ల లైనులో ఎవరికీ బాధ ఉండేది కాదు. వినడానికి వింతగా ఉంటుంది కానీ నిజం. "ఏమన్నా, ఎట్లున్నవ్?" అని అడిగితే "మంచిగనే ఉన్న" అనే జవాబు తప్ప గోదావరిఖనిలో ఇంకో జవాబు చెల్లేది కాదు. వేలు నలిగి నేరేడుపండులా కమిలినవాడు "జర తాకింది" అనేవాడు. మా పక్కింటి కాక కాలు విరిగి, తొడదాకా కట్టుతో దవాఖాన నుంచి రిక్షాలో దిగుతూ కూడా "ఏం లేదు, రెండు దినాలు కూసొమ్మన్నరు" అన్నాడు. ఆ రెండు దినాలు మూడు నెలలయ్యాయి, అది వేరే సంగతి. బాధ అన్న మాట ఒకసారి నోటికి అలవాటైతే మరునాడు బాయిలోకి కాళ్ళు దిగవని మావాళ్ళ నమ్మకం. (బొగ్గు గనిని మేము బాయి అంటాం. నీళ్ళిచ్చే బాయి ఒకటి, అన్నం పెట్టే బాయి ఒకటి.) అలాంటి లైనులో పుట్టి పెరిగి, పదో తరగతి ఇంగ్లీషులో తప్పిన నేను, బాధకు ఇంగ్లీషులో ఉన్న మాటల్లో బాగా లోతైనదాన్ని దాని తాతముత్తాతలతో సహా నేర్చుకున్నానంటే మీరు నమ్మరు. నేర్చుకోవడమే కాదు, ఆ మాట పుణ్యాన ఒక పెద్దమనిషిని మంచం కింద ఇరికించాను కూడా.

ముందు నా సంగతి చెప్పాలి. లైనంతా నన్ను టేప్‌రికార్డర్ అనేవాళ్ళు. ఎవరు ఎప్పుడు ఏ మాట అన్నా, ఆ దగ్గుతో ఆ నవ్వుతో సహా తిరిగి చెప్పేదాన్ని. నల్లా దగ్గర కొట్లాటలు వస్తే ఇరువైపులవాళ్ళూ నన్నే సాక్షికి పిలిచేవాళ్ళు. అంత జ్ఞాపకశక్తి ఉండి పదో తరగతి ఎలా తప్పావంటారేమో. ఇంగ్లీషు పుస్తకం మొత్తం నాకు నోటికి వచ్చు. కాకపోతే ప్రశ్న ఏదైనా సరే, నేను మొదటి పాఠం మొదటి మాట నుంచి మొదలుపెట్టేదాన్ని. జవాబు ఉన్న చోటికి చేరేలోపు గంట కొట్టేవాళ్ళు.

ఇక మా బాపు, అంటే నాన్న. ఆయనది భూమి లోపల పైకప్పు చూసే పని. బొగ్గు తీసిన చోట పైన రాయి గట్టిగా ఉందా, ఊడిపడేలా ఉందా అని ఇనుప కడ్డీతో తట్టి చూసి, అవసరమైన చోట కప్పును మోసే కర్ర దిమ్మెలు నిలబెట్టాలి. ఠంగుమంటే గట్టి, డబ్‌మంటే డొల్ల. అంతే శాస్త్రం. ఆ శాస్త్రాన్ని ఆయన ఇంటికి కూడా మోసుకొచ్చేవాడు. అంగడిలో కుండలు తట్టేవాడు, పుచ్చకాయలు తట్టేవాడు, అంతవరకు బాగానే ఉంది. బస్సెక్కితే బస్సును తట్టేవాడు. నేను పరీక్ష తప్పిన కబురు తెలిసినరోజు నా నెత్తి మీద రెండుసార్లు తట్టి, చెవి దగ్గరగా పెట్టి, "గట్టిగనే ఉంది, ఫికర్ లేదు" అన్నాడు. మా పెద్దక్కకు సంబంధం చూడటానికి మందమర్రి పోయినప్పుడు, పిల్లవాడివాళ్ళు చాయలు ఇస్తుంటే ఈయన లేచి వాళ్ళ కొత్త గోడను తట్టి, "గీ గోడ డొల్ల బావా, నిలువది" అన్నాడు. గోడ సంగతేమో కానీ సంబంధం నిలవలేదు. కాలనీలో ఆయన పేరు తట్టుడు కాక.

పిల్లలందరికీ ఆయన ఒక నియమం మాత్రం తల్లిపాలతో పట్టినట్టు పట్టాడు. "కప్పు డొల్ల మోగిందని ఎవ్వడన్నా చెప్పనియ్యి, నిన్న పనిల చేరినోడు గాని, పెద్ద ఆఫీసర్ గాని, ఎదురు మాట్లాడొద్దు. నిజమా అబద్ధమా అని అడుగొద్దు. మనుషులను బయటికి తియ్యాలె. ముచ్చట తర్వాత." ఈ నియమం మీదనే ముప్పై ఏళ్ళు ఒక్క మనిషికి దెబ్బ తగలకుండా పని చేశానని ఆయనకు గర్వం. ఆ గర్వం మాకూ ఉండేది. ఆయన నిలబెట్టిన దిమ్మెల కింద మావాళ్ళు అన్నం మూటలు విప్పుకొని తినేవాళ్ళట. అంతకన్నా పెద్ద బిరుదు మా దగ్గర ఇంకోటి లేదు.

నాకు పదహారేళ్ళు నడుస్తున్నప్పుడు ఆయనను కొత్త చోటికి వేశారు. అక్కడ నడుము ఎత్తడానికి లేదు, మోకాళ్ళ మీదే పని. కొన్నాళ్ళకు ఆయన ఇంటికొచ్చి చాయ గ్లాసు పట్టుకొని ఊరికే కూర్చోవడం మొదలైంది. పడుకుంటే ఊపిరి అందదని గోడకానుకొని నిద్రపోయేవాడు. మా అవ్వ (అమ్మను మేము అవ్వ అనే పిలిచేవాళ్ళం) అడిగితే "మంచిగనే ఉన్న" అనేవాడు.

"మంచిగున్న మనిషి కూసొని పంటడా?"

"గోడ సల్లగుంది, అందుకే."

"గోడ సల్లగుంటే ఛాతిల పిల్లనగ్రోవి ఎవడు ఊదుతుండు?"

బాపు గోడను తట్టేవాడు.

అప్పుడే, లోపల పని చెయ్యలేనివాళ్ళు దరఖాస్తు పెట్టుకుంటే దవాఖానలో చూపించి బయట తేలిక పని ఇస్తారని కబురు వచ్చింది. సోమవారం ఆఖరు. బాపు పెట్టుకోడని అందరికీ తెలుసు. పెట్టుకోకపోతే ఏమవుతుందో కూడా మా అవ్వకు తెలుసు, ఆమె తమ్ముడు అలాగే గోడకానుకొని కూర్చొని ఒకరోజు ఇక లేవలేదు. అందుకే ఆమె బియ్యం చెరిగే వంకతో నన్ను పక్కన కూర్చోబెట్టుకొని చెవిలో చెప్పింది. "డిక్షనరీ సారు దగ్గరికి పో. ఇంగ్లీషుల దరఖాస్తు రాయించుకరా. ఐతారం కోడికూర వండుత. కడుపు నిండినంక సంతకం పెట్టిస్త. గప్పటిదాక నీ టేపు బందు పెట్టు."

డిక్షనరీ సారుది మంథని. వేదం చదువుకున్న ఇంట పుట్టి, బడిలో ఇంగ్లీషు చెప్పడానికి మా వైపు వచ్చి, మా లైనులో చివరి క్వార్టరులో ఉండేవాడు. ఒడిలో ఎప్పుడూ పసిపిల్లలా ఒక లావుపాటి నిఘంటువు. కొద్దిగా బొజ్జ. మనిషి మంచివాడు, కాకపోతే మాట అడిగితే దాని వంశవృక్షం చెప్పందే వదిలిపెట్టడు. ఆయన దగ్గర ఉప్పు అప్పు తెచ్చుకోవడానికి పోయినవాళ్ళు ఉప్పు అన్న మాట ఎక్కడ పుట్టిందో విని ఉప్పు మరిచి వచ్చేవాళ్ళు.

"బాపుకు బాధ ఎట్లుంటదమ్మా?" అన్నాడు కలం తీసి.

"బాధ ఉండదు సార్."

"మరి దరఖాస్తెందుకు బిడ్డా?"

ఛాతిలో ఈల సంగతి, గోడ సంగతి చెప్పాను. ఆయన కళ్ళు మూసుకొని మాటలను ఒక్కొక్కటే నోట్లో వేసుకొని చప్పరించాడు. "పెయిన్... ఊహూఁ, తలనొప్పికి సరిపోతది. యాగొనీ... గ్రీకోళ్ళ పోటీలకెల్లి వచ్చింది. కుస్తీల పడేటోని యాతన. మీ బాపు కుస్తీ పడ్తలేడు." చివరికి నిఘంటువు తెరిచి, పెళ్ళి సంబంధం కుదిరినవాడిలా వెలిగిపోయాడు. "యాంగ్విష్! ఇగో, గిది. లోతైన వేదన. కని పుట్టుక విను. రోమోళ్ళ పాత భాష లాటిన్ల అంగుస్తుస్ అంటే ఇరుకైనది. అంగెరె అంటే గొంతు పిసుకుడు. ఇరుకు జాగల మనిషికి ఊపిరాడక గుండె పట్టేస్తది సూడు, గా ఇరుకే ఫ్రెంచోళ్ళ నోట్ల నాని, ఇంగ్లీషోళ్ళ ఇంటికొచ్చి వేదన అయి కూసుంది. మన వేదంల అంహస్ అని ఉన్నది, కష్టం అని అర్థం. అది దీనికి అక్కచెల్లెలే. వేల ఏండ్ల కింద ఒక్క కడుపున పుట్టినయ్." నాకు అర్థమైంది సగమే కానీ టేపులో మొత్తం ఎక్కింది. దరఖాస్తు రాసి, మడత పడొద్దని రెండు అట్టముక్కల మధ్య పెట్టి ఇచ్చాడు.

మా అవ్వ దాన్ని ఖాళీ పప్పు డబ్బాలో నిలబెట్టి మూత పెట్టింది. ఖాళీ డబ్బా జోలికి బాపు పోడనుకుంది పాపం. శనివారం మొదటి షిఫ్టు దిగివచ్చి, చాయ తాగి, ఆయన అలవాటు ప్రకారం అలమరలో డబ్బాలు వరసగా తట్టుకుంటూ పోయాడు. ఉప్పు, చింతపండు, కారం. పప్పు డబ్బా దగ్గర ఆగాడు. మళ్ళీ తట్టాడు.

"ఇండ్ల ఏమున్నది?"

"ఖాళీ" అంది అవ్వ.

"ఖాళీది గిట్ల మోగది."

మూత తీశాడు. అట్టముక్కలు, కాగితం. ఇంగ్లీషు చూసి నావైపు తిరిగాడు. "చదువు." నేను చదవలేదు, అప్పజెప్పాను. ఒకచోట ఆయన చెయ్యి ఎత్తాడు. "ఏందది? మధ్యల నాలిక మెలి తిరిగింది." యాంగ్విష్ అన్నాను. అంటే ఏందన్నాడు. టేపు ఆగుతుందా? "లోతైన వేదన, మనిషిని నలిపేసే బాధ" అన్నాను. (ఇరుకు సంగతి తర్వాత చెప్దామనుకున్నాను. మొదటి పాఠం మొదటి మాట నుంచి మొదలుపెట్టే అలవాటు నన్ను అక్కడా వదల్లేదు.)

బాపు ముఖం ఎర్రబడింది. "బాధనా? నేనెవ్వనికి చెప్పిన బాధైతుందని? రేపు షిఫ్టుల పోరగాండ్లు 'ఏం కాకా, నలిగిపోతున్నవట గదా' అంటే మొకం ఏడ పెట్టుకోవాలె? ముప్పై ఏండ్లు వాళ్ళ నెత్తి మీద కప్పు నిలబెట్టినోన్ని!" కాగితం పట్టుకొని లైను చివరికి నడిచాడు. వెనక నేను, నా వెనక అవ్వ, అవ్వ వెనక ఏమీ తెలియకపోయినా వచ్చిన ఆరుగురు.

సారు బనీనుతో కూర్చొని చాయ తాగుతున్నాడు. బాపు కాగితం ఆయన ముందు పెట్టాడు. "సారూ, నా పేరు మీద బాధ రాసినవట. కొట్టేయ్."

"బాధ గాదన్నా, దాని పుట్టుక వేరే. ఇరుకు అన్నట్టు..."

"ఇరుకా?" బాపు నవ్వాడు. "నీకు ఇరుకేం తెల్సు సారూ? నీ క్లాసు రూము నేను పనిచేసే జాగకు పదింతలుంటది."

"నాకు తెల్వదు నిజమే. రోమోళ్ళు చెప్పిండ్రు."

"వాళ్ళు బాయిల దిగిండ్రా?"

సారు తలుపు దగ్గరి గుంపును చూశాడు, నిఘంటువును చూశాడు. "దిగిండ్రో లేదో పుస్తకంల లేదు" అన్నాడు నిజాయితీగా.

"అయితే నేను చూపిస్త రా." బాపు చుట్టూ చూసి, గోడవారగా ఉన్న పట్టెమంచాన్ని తట్టాడు. పాతకాలపు టేకు మంచం, సారు వాళ్ళ తాతలనాటిది. ఠంగుమంది. "గింతే ఎత్తు. గిండ్లనే ఎనిమిది గంటలు. దూరు."

చదువుకున్నవాళ్ళలో ఒక పిచ్చి ఉంటుంది. సారు చాయ గ్లాసు కింద పెట్టి, "మాట పుట్టిన జాగ చూసే భాగ్యం ఎవనికి దొరుకుతదన్నా" అంటూ బోర్లా పడుకొని, ఆ ఎత్తులోకి పాకాడు. వంటింట్లోంచి సారు భార్య పంతులమ్మ వచ్చి నోరు తెరిచింది. "ఇరవై ఏండ్ల సంది మంచం కింద చీపురు పెట్టుమంటే నడుము వంగని మనిషి! చూడుండ్రమ్మా, పాక్కుంట పోతుండు!"

"తల ఎత్తకు సారూ, కప్పు తాకుతది" అని బాపు బయటి నుంచి పని నేర్పిస్తున్నాడు. "మోచేతుల మీద. ఆఁ. ఇగ పార పట్టుకున్నట్టు అనుకో." సారు మధ్యకు చేరాడు. అక్కడ ఆగాడు. ముందుకు పోడు, వెనక్కి రాడు. బొజ్జ ఒక కారణం. రెండోది, మంచం అడుగున పొడుచుకొచ్చిన మేకుకు, బనీను మెడలోంచి బయటికొచ్చిన ఆయన జంధ్యం చిక్కుకుంది. గట్టిగా లాగితే తెగుతుంది. తెగితే మంథనిలో ఉన్న ఆయన తండ్రికి ఏం చెప్పాలి? "అన్నా, కదలొస్తలేదు" అని లోపలి నుంచి సన్నగా గొంతు వచ్చింది. "మాట నిజమే అన్నా. ఊపిరి ఆడతలేదు."

బయట అందరూ నవ్వుతున్నారు. నేనైతే నేల మీద కూర్చొని నవ్వాను. మంచాన్ని ఎత్తుదామని ఇద్దరు ముందుకొస్తే బాపు ఆపాడు. "ఆగుండ్రి! మేకుకు దారం ఉన్నది, ఎత్తితె తెగుతది. మనిషి ఇరికినప్పుడు కప్పు కదిలించొద్దు." అని, వెల్లకిలా పడుకొని, చేప నీళ్ళలోకి జారినట్టు మంచం రెండో కొస నుంచి దూరాడు. అంత అందంగా మనిషి ఇరుకులోకి పోవడం నేను మళ్ళీ చూడలేదు. ఆ ఒక్క నిమిషంలో నాకర్థమైంది, మావాళ్ళు ఆయన దిమ్మెల కింద అన్నం ఎందుకు తినేవాళ్ళో.

చిక్కు విడిపోయిన చప్పుడు వినపడింది. "ఇగ పో సారూ" అన్నాడు. ఆ తర్వాత ఈల. ఛాతిలో ఈల. తర్వాత అదీ లేదు.

"అన్నా?" అన్నాడు సారు లోపలి నుంచి. "అన్నా, ఎట్లున్నవ్?"

చాలాసేపటికి బాపు గొంతు, దూరం నుంచి వచ్చినట్టు. "మంచిగనే ఉన్న."

నవ్వులు ఆగిపోయాయి. నేను మోకాళ్ళ మీద వంగి చూశాను. ఇద్దరూ ముఖాలు ఎదురెదురుగా ఉన్నారు. సారు బెదిరిపోయి ఉన్నాడు. బాపు సారు వైపు తిరిగి, నాకు వీపు పెట్టి, కాళ్ళు ముడుచుకొని, కదలడం లేదు. "బయటికి రా బాపూ" అన్నాను. "వస్త, జర ఆగు." అవ్వ పిలిచింది. "మంచిగనే ఉన్న అంటున్న గదా!" చేతులు పెట్టి లాగబోయిన పక్కింటి కాకను "ముట్టొద్దు" అని గద్దించాడు. లైనంతా చూస్తుండగా తనను ఈడ్చుకొని బయటికి తియ్యడం, అది మాత్రం ఆయన ఒప్పుకోడు. ఊపిరి పోయినా సరే.

అప్పుడు నేనేం చేశానో నాకే తెలియదు. మంచం కిందికి చెయ్యి చాపి, మెటికలతో ఆయన వీపు మీద తట్టాను. ఒకసారి. కొంచెం పైన ఇంకోసారి. ఆయన కప్పును తట్టినట్టే, ఆగి, చెవి పెట్టి.

"బాపూ" అన్నాను. "డొల్ల."

ఆయన తల కొంచెం ఇటు తిరిగింది.

"ఏమన్నవ్?"

"డొల్ల మోగుతుంది బాపూ. మనుషులను బయటికి తియ్యాలె."

(నిజం చెప్పాలంటే నాకేమీ వినపడలేదు. నా గుండె చప్పుడే చెవుల్లో దడదడలాడుతోంది. మనిషి వీపు గట్టిగా మోగితే ఎలా ఉంటుందో, డొల్లగా మోగితే ఎలా ఉంటుందో నాకేం తెలుసు?)

ఆయన నిజమా అబద్ధమా అని అడగలేదు. ఎదురు మాట్లాడలేదు. ముప్పై ఏళ్ళ నియమం. కాసేపటికి కదిలాడు. మోచేతుల మీద, అంగుళం అంగుళం, తనంతట తానే బయటికి వచ్చాడు. వచ్చి గోడకానుకొని కూర్చొని, పంతులమ్మ ఇచ్చిన నీళ్ళు తాగి, చెమట తుడుచుకొని, "సారును గూడ తీయుండ్రి, పాపం" అన్నాడు. సారు కాళ్ళు పట్టి బయటికి లాగారు. బూజు అంటిన బొజ్జతో, భద్రంగా ఉన్న జంధ్యంతో బయటపడి, ఆయన మొట్టమొదట అన్నమాట ఇది. "అన్నా, రోమోళ్ళు దిగే ఉంటరు."

బాపు నవ్వాడు. దగ్గుతూ నవ్వి, "కలం తేండ్రి" అన్నాడు.

సోమవారం ఆఫీసులో గుమాస్తా ఆ మాట దగ్గర వేలు పెట్టి ఏందిది అని అడిగితే, బాపు ఛాతి విరిచి చెప్పాడట. "అది బాధ గాదు సార్. ఇరుకు. లాటిన్ మాట. సమజ్ గాకుంటే మంచం కింద దూరుండ్రి." దవాఖానలో డాక్టరు ఆయన వీపు మీద ఒక చెయ్యి ఆనించి, రెండో చేతి వేలితో తట్టి తట్టి చూశాడు. నేను పక్కనే ఉన్నాను. బాపు తన పనే చేసే మనిషిని చూసినట్టు ఆయనను గమనించి, "డొల్లనే గదా సార్?" అన్నాడు. డాక్టరు ఆశ్చర్యపోయాడు. "అవును, ఊపిరితిత్తుల్లో గాలి నిలిచిపోయి డొల్లగానే మోగుతోంది. నీకెవరు చెప్పారు?"

"నా బిడ్డ చెప్పింది" అన్నాడు బాపు. "మంచం కిందికెల్లి తట్టి చెప్పింది. దాని చెయ్యి నా చెయ్యే."

పదో తరగతిలో మొదటి మార్కు వచ్చిన పిల్లలకు కూడా అంత పొగడ్త దొరికి ఉండదు. ఆ పొగడ్త అబద్ధపు పునాది మీద నిలబడిందని నేను ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. ఆయనను బయట దీపాలిచ్చే గదిలో వేశారు. దిగేవాళ్ళకు నెత్తి దీపాలు ఇస్తూ ప్రతివాడి వీపు మీద ఒకసారి తట్టేవాడు. ఏండ్ల తరబడి తట్టాడు. తట్టుడు కాక తట్టనిదే దిగని పోరగాళ్ళు ఉండేవాళ్ళు. నలుగురైదుగురిని దిగనివ్వకుండా నేరుగా దవాఖానకు పంపాడు కూడా. మనవళ్ళను, మనవరాళ్ళను ఎత్తుకొనేదాకా బతికాడు.

సారు రిటైరై మంథనికి పోతూ ఆ పట్టెమంచం నాకిచ్చాడు. "మాట పుట్టిన జాగ, జాగ్రత్త బిడ్డా" అన్నాడు. ఇప్పుడు అది మా ఇంట్లోనే ఉంది, మేకుతో సహా. మొన్న నా కూతురు కరీంనగర్ నుంచి వచ్చినప్పుడు దాని చెవిపోగు మంచం కిందికి దొర్లింది. నేను తీస్తానని బోర్లా పడుకొని దూరాను. పదహారేళ్ళప్పుడు వంగి చూసిన మనిషిని, ఇప్పుడు సారు బొజ్జకు ఏమాత్రం తీసిపోనని మధ్యకు చేరాక తెలిసింది. కొంగు ఆ మేకుకే చిక్కింది. ఊపిరి బిగిసింది. ఒక చెయ్యి ఆడుతోంది కదా అని పైకి తట్టాను. ఠంగుమంది. వెల్లకిలా చేపలా జారిన మనిషి గుర్తొచ్చి కాసేపు అలాగే ఉండిపోయాను.

"అమ్మా, ఎట్లున్నవే?" అంది కూతురు, నవ్వాపుకుంటూ.

"మంచిగ..." అని మొదలుపెట్టి ఆగాను.

"ఇరుకైతుందే బిడ్డా" అన్నాను. "జర చెయ్యియ్యి."